పేకముక్కల ప్రొఫెసర్ డై వెర్నన్



వార్షికోత్సవం అంటే పాటలు, డాన్సులు, ఏకపాత్రాభినయం, చివర్లో బహుమతులు. మధ్యలో ఎవరో ఒక తమ్ముడు స్టేజీ ఎక్కి పేకముక్కలతో చిన్న మ్యాజిక్ చేస్తే ఈలలు, చప్పట్లు ఆగవు. అదే పేక కట్ట మామూలు రోజున ట్రంకుపెట్టెలో దొరికితే మాత్రం వార్డెన్ సార్ ఊరుకోరు. అది న్యాయమే. పేకాటలో పొలం పుట్రా పోగొట్టుకున్న కుటుంబాల సంగతి మన ఏర్పేడు చుట్టుపక్కల ఊళ్ళవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ జాడ్యం సెల్‌ఫోన్లలోకి కూడా పాకడంతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించవలసి వచ్చింది.

ఆ 52 ముక్కలతోనే తొంభై ఏళ్ళు గడిపిన ఒక మహా కళాకారుడి జీవితాన్ని ఈ సంచికలో మీకు పరిచయం చేయదలచాను. జూదగాళ్ళ రహస్య విద్యలన్నీ వెతికి వెతికి నేర్చుకుని, వాటితో జనాన్ని ఆశ్చర్యంలో ముంచెత్తిన ఆయన పేరు డై వెర్నన్. ప్రపంచంలోని మెజీషియన్లు ఆయన్ని ప్రేమగా ప్రొఫెసర్ అని పిలిచేవారు. ఆయన ఏ విశ్వవిద్యాలయంలోనూ ప్రొఫెసరు కాదు. ఒక విద్యను ఎలా నేర్చుకోవాలో తెలిసిన మనిషి కాబట్టి ఆ పేరు వచ్చింది.

బాల్యం

వెర్నన్ 1894 జూన్ 11న కెనడా రాజధాని ఒట్టావాలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు డేవిడ్ ఫ్రెడరిక్ వింగ్‌ఫీల్డ్ వెర్నర్. తండ్రి ప్రభుత్వోద్యోగి. తీరిక వేళల్లో సరదాగా మ్యాజిక్ చేసేవాడు. ఏడేళ్ళ వయసులో డేవిడ్ తండ్రి దగ్గర మొదటి ట్రిక్కు నేర్చుకున్నాడు. అంతే, ఆ పిచ్చి పట్టుకుంది. తన జీవితంలో మొదటి ఆరేళ్ళూ మ్యాజిక్ తెలియక వృథా అయిపోయాయని ముసలితనంలో కూడా ఆయన నవ్వుతూ చెప్పుకునేవారట.

డై అనే పేరు ఎలా వచ్చిందో తెలిస్తే మీకూ నవ్వు వస్తుంది. ఒకసారి పత్రికలో ఆయన పేరు డేవిడ్ అని అచ్చు కావలసింది, డై అని అచ్చయింది. ఆయనకు అదే నచ్చి ఉంచేసుకున్నారు. అమెరికా వెళ్ళాక వెర్నర్ కాస్తా వెర్నన్ అయింది.

ఒకే ఒక్క పుస్తకం

1902లో అమెరికాలోని చికాగోలో ఒక చిన్న పుస్తకం వెలువడింది. పేరు ‘ది ఎక్స్‌పర్ట్ ఎట్ ది కార్డ్ టేబుల్’. రచయిత పేరు ఎస్.డబ్ల్యు. ఎర్డ్‌నేస్ అని ఉంటుంది. అది కలంపేరు. అసలు రచయిత ఎవరన్నది నూటికి పైగా ఏళ్ళు గడిచినా ఇప్పటికీ తేలలేదు. ఆ పుస్తకంలో సగానికి పైగా జూదగాళ్ళు చేసే మోసాల వివరణే. పేక కలుపుతున్నట్టే కనిపిస్తూ కలపకుండా ఉండటం, పైముక్క పంచుతున్నట్టే కనిపిస్తూ కింది ముక్కను పంచడం, ముక్కను అరచేతిలో దాచడం, ఇలా ఒక్కో కదలికనూ వేలు వేలునా వివరించి చెప్పిన పుస్తకం అది. అర్థం కావడానికి 101 బొమ్మలు కూడా ఉన్నాయి.

ఆ పుస్తకం చదవడం తేలిక కాదు. వాక్యాలు బరువుగా ఉంటాయి. ఒక్క వాక్యం అర్థం కావాలంటే పేక చేత్తో పట్టుకుని పది సార్లు చేసి చూసుకోవాలి. డేవిడ్ ఆ పుస్తకాన్ని పన్నెండు పదమూడేళ్ళకే కంఠస్థం చేసేశాడు. మనం పరీక్షకు గైడు బట్టీ పట్టినట్టు కాదు. అందులోని ప్రతి పంక్తినీ చేతివేళ్ళతో చేసి సరిచూసుకున్నాడు. ముసలితనం వరకూ ఆయన ఆ పుస్తకాన్ని వదల్లేదు. చదివిన ప్రతిసారీ కొత్త సంగతి దొరికేదని శిష్యులకు చెప్పేవారు.

పెద్దయ్యాక కింగ్‌స్టన్‌లోని రాయల్ మిలిటరీ కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరారు. అయితే మనసంతా పేకముక్కల మీదే. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి న్యూయార్క్ చేరుకున్నారు. అక్కడ ఒక మ్యాజిక్ సామాన్ల దుకాణం వెనుక గదిలో పెద్ద పెద్ద విద్వాంసులు చేరి ఒకరికొకరు కొత్త ట్రిక్కులు చూపించుకునేవారు. ఒట్టావా కుర్రవాడి చేతుల్ని చూసి ఆ పెద్దలే ముక్కున వేలేసుకున్నారు.

హుడినీకి అంతుపట్టని ముక్క

హుడినీ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. సంకెళ్ళు, తాళాలు, పెట్టెలు వేటినైనా విడిపించుకుని బయటపడిన జగత్ప్రసిద్ధ మెజీషియన్. వృత్తి మొదట్లో ఆయన పేకముక్కల రాజునని ప్రచారం చేసుకున్నవాడే. ఏ ట్రిక్కునైనా మూడుసార్లు తన ముందు చేస్తే రహస్యం చెప్పేస్తానని సవాలు విసిరేవాడు.

1922లో చికాగోలోని గ్రేట్ నార్తర్న్ హోటల్లో హుడినీ గౌరవార్థం విందు జరిగింది. అప్పటికి 27 ఏళ్ళ వెర్నన్ ఆయన ముందు ఒక పేక కట్ట తీశారు. హుడినీ చేత ఒక ముక్క మీద సంతకం చేయించారు. ఆ ముక్కను కట్ట లోపలికి పెట్టారు. మరుక్షణం పైముక్క తిప్పితే అదే సంతకం. మళ్ళీ లోపల పెట్టారు. మళ్ళీ పైకి వచ్చింది. మూడుసార్లు అయింది. హుడినీకి అంతుచిక్కలేదు. ఇంకా చేయమన్నాడు. వెర్నన్ మళ్ళీ మళ్ళీ చేశారు. ఎన్నిసార్లు చూసినా హుడినీ రహస్యం చెప్పలేకపోయాడు. అప్పటి నుంచి హుడినీని బోల్తా కొట్టించిన మనిషిగా వెర్నన్ పేరు మారుమోగింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. వెర్నన్ దగ్గర యంత్రాలు లేవు, పెట్టెలు లేవు, అద్దాలు లేవు. ఒక పేక కట్ట, రెండు చేతులు, అంతే. ఇలా ఎదురుగా కూర్చున్న నలుగురి కళ్ళ ముందు, మూరెడు దూరంలో చేసే మ్యాజిక్‌ను క్లోజప్ మ్యాజిక్ అంటారు. దీనికి ప్రాణం హస్తలాఘవం. మన ఊళ్ళలో నేల మీద గుడ్డ పరచుకుని మూడు గిన్నెలు, చిన్న బంతులతో ఆడించే గారడీవాడు చేసేది కూడా ఇదే విద్య. చుట్టూ పిల్లలు మూగి ఉంటారు, దాక్కోవడానికి తెర ఉండదు, స్టేజీ ఉండదు. వెర్నన్ కూడా గిన్నెలు, బంతుల ఆటకు తనదైన పద్ధతి ఒకటి తయారు చేశారు. అది 1957లో వచ్చిన ‘డై వెర్నన్ బుక్ ఆఫ్ మ్యాజిక్’ అనే గ్రంథంలో అచ్చయింది. నేటికీ దేశదేశాల మెజీషియన్లు ఆ పద్ధతిలోనే మొదలుపెడతారు.

కత్తెరతో బతుకుతెరువు

ఇంత పేరు వచ్చినా వెర్నన్‌కు మ్యాజిక్ అన్నం పెట్టింది తక్కువ. ఆయన మరొక చేతిపని నేర్చుకున్నారు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పక్క నుంచి ముఖం ఎలా కనిపిస్తుందో అలా నల్ల కాగితాన్ని కత్తెరతో కత్తిరించి బొమ్మ తీసి ఇచ్చేవారు. న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్ అనే విహారస్థలంలోనూ, ఊరూరా తిరుగుతూనూ ఈ పని చేసి పొట్టపోసుకున్నారు. 1924లో జీన్ హేస్ అనే ఆమెను వివాహం చేసుకున్నారు. ఇద్దరు కొడుకులు పుట్టారు.

ఆయన్ని దేవుడిలా చూపించడం నా ఉద్దేశం కాదు. ఎక్కడో ఎవరో కొత్త కదలిక చేస్తున్నారని వింటే చాలు, చేతిలోని పని వదిలేసి ఆ ఊరికి బయలుదేరే మనిషి ఆయన. ఆ తిరుగుళ్ళ భారం భార్యాపిల్లలు మోయవలసి వచ్చింది. ఒక విద్య మీద పిచ్చి ఎంత గొప్పదో, దాని ఖరీదు ఇంట్లోవాళ్ళు చెల్లించవలసి రావడం అంత బాధాకరం. ఆయన జీవితం చదివేటప్పుడు ఈ రెండూ కలిపే చదవాలి.

ప్లెజెంట్ హిల్ ప్రయాణం

వెర్నన్ జీవితంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన ఘట్టం 1932లో జరిగింది. అవి అమెరికాలో మహా ఆర్థిక మాంద్యం రోజులు. వెర్నన్ కుటుంబంతో కాన్సస్ రాష్ట్రంలోని విచిటా పట్టణంలో ఉంటూ కత్తెర బొమ్మలు చేసుకుంటున్నారు. అక్కడి జైల్లో ఉన్న ఒక ఖైదీకి పేక మోసాలు బాగా తెలుసని విని చూడటానికి వెళ్ళారు. ఆ ఖైదీ మాటల సందర్భంలో ఒక సంగతి చెప్పాడు. పేక కట్ట మధ్యలో నుంచి ముక్క పంచగల జూదగాడిని తాను కళ్ళారా చూశానన్నాడు.

దీని ప్రాముఖ్యం అర్థం కావాలంటే పేకాటలో కట్ చేయడం ఎందుకు పెట్టారో తెలియాలి. పంచేవాడు మంచి ముక్కలన్నీ అడుగున దాచుకుని తనకు కావలసినప్పుడు అడుగు నుంచి పంచుకోవచ్చు. అందుకే పంచే ముందు ఎదుటివాడు కట్టను రెండుగా చేసి పైభాగాన్ని కిందికి మారుస్తాడు. దాంతో దాచిన ముక్కలు మధ్యలోకి పోతాయి, మోసం ఆగిపోతుంది. ఇప్పుడు మధ్యలో నుంచే పంచగలిగినవాడు ఉంటే? ఇక కట్ చేసినా లాభం లేదు. అలా పంచడం మనిషి చేతులకు సాధ్యం కాదని అందరూ అనుకునేవారు.

వెర్నన్‌కు నిద్ర పట్టలేదు. ఆ మనిషి పేరు తెలియదు, ఊరు తెలియదు. కాన్సస్ సిటీ వైపు ఎక్కడో ఉంటాడని మాత్రమే తెలుసు. జూదగాళ్ళను అడుగుతూ, దుకాణాల్లో వాకబు చేస్తూ తిరిగి తిరిగి, చివరికి మిస్సోరి రాష్ట్రంలోని ప్లెజెంట్ హిల్ అనే చిన్న ఊళ్ళో ఆ మనిషిని పట్టుకున్నారు. ఆయన పేరు అలెన్ కెన్నెడీ. పెద్ద పేరున్నవాడు కాదు. ఆ చిన్న ఊళ్ళోనే ఉంటూ ఏళ్ళ తరబడి ఒకే ఒక్క కదలికను సాధన చేసిన మనిషి. ఆయన పంచుతుంటే వెర్నన్ అంతటివాడి కళ్ళు కూడా మోసపోయాయి. వెర్నన్ కోరిక మీద కెన్నెడీ ఆ రహస్యం చెప్పారు.

తమ్ముళ్ళారా, ఈ ఘట్టంలో నాకు రెండు సంగతులు కనిపిస్తాయి. మొదటిది, హుడినీకే అంతుపట్టని విద్య చూపినవాడు కూడా ఒక ఖైదీ ముందు, ఒక పల్లెటూరి జూదగాడి ముందు విద్యార్థిలా కూర్చున్నాడు. నేర్చుకోవలసిన సంగతి ఉంటే ఎదుటివాడి హోదా చూడలేదు. రెండవది, ఒకే కదలిక ఇద్దరి చేతుల్లో రెండు రకాలుగా పనిచేసింది. జూదగాడి చేతిలో అది పక్కవాడి కూలి డబ్బులు లాక్కునే ఆయుధం. వెర్నన్ చేతిలో అది చూసినవాళ్ళను అబ్బురపరిచే కళ. తిరునాళ్ళలోనూ, బస్టాండ్ల దగ్గరా మూడు ముక్కలు తిప్పి రాణిని పట్టుకోమనేవాడి దగ్గర ఉన్నదీ హస్తలాఘవమే. అక్కడ డబ్బు పెట్టినవాడు గెలవడం కల్ల. పందెం గెలిచి ఎగిరి గంతేసేవాడు కూడా సాధారణంగా ఆ ముఠాలోవాడే.

రెండు చేతులూ విరిగాయి

1941లో సంసారం గడవడానికి వెర్నన్ న్యూయార్క్‌లో ఈస్ట్ రివర్ ఒడ్డున జరుగుతున్న ఒక నిర్మాణ పనిలో చేరారు. అక్కడ పైనుంచి పడిపోయి రెండు చేతులూ విరిగాయి. చేతులే ఆస్తిగా బతికే మనిషికి అంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది? అప్పటికి ఆయనకు 47 ఏళ్ళు. ఆయన మాత్రం నిరాశపడి కూర్చోలేదు. చేతులు కూడుకున్నాక మళ్ళీ పేక పట్టుకున్నారు. ఆ తర్వాతే, 1940ల్లో, ఆయన ప్రసిద్ధ ట్రిక్కుల్లో కొన్ని అచ్చులోకి వచ్చాయి. వాటిలో ఒకటి ‘ట్రయంఫ్’. ఒకరు ఎంచుకున్న ముక్కను కట్టలో కలిపేస్తారు. తర్వాత సగం ముక్కలు బోర్లా, సగం వెల్లకిలా పెట్టి అడ్డదిడ్డంగా కలిపేస్తారు. ఒక్క చిటికె వేసి పరిస్తే ముక్కలన్నీ బోర్లా ఉంటాయి. ఎంచుకున్న ముక్క ఒక్కటే వెల్లకిలా కనిపిస్తుంది.

ఆయన నేర్పిన అసలు పాఠం

వేగంగా చేతులు తిప్పడమే మ్యాజిక్ అని మనం అనుకుంటాం. వెర్నన్ దీనికి పూర్తిగా విరుద్ధం. సహజంగా ఉండటమే ఆయన బోధనలన్నిటికీ మూలం. దీన్ని మీరు ఒక రూపాయి బిళ్ళతో పరీక్షించుకోవచ్చు. బిళ్ళను కుడి అరచేతిలో దాచుకుని, ఎడమ చేతిలోకి ఇచ్చినట్టు నటించండి. మొదటిసారి ఏమవుతుంది? కుడిచేయి బిగుసుకుపోతుంది, వేళ్ళు వంకరపోతాయి, మన కళ్ళే ఆ చేతి వైపు దొంగచూపులు చూస్తాయి. బిళ్ళ కనిపించకపోయినా ఏదో దాచాడని ఎదుటివాడు కనిపెట్టేస్తాడు.

మరి ఎలా? ముందు బిళ్ళను నిజంగానే ఎడమ చేతిలోకి ఇవ్వాలి. ఒకసారి కాదు, వంద సార్లు. అప్పుడు వేళ్ళు ఎలా కదులుతున్నాయో, కళ్ళు ఎటు చూస్తున్నాయో, ఖాళీ అయిన కుడిచేయి ఎలా కిందికి వాలుతోందో అద్దంలో చూసుకోవాలి. ఆ తర్వాత బిళ్ళ ఇవ్వకుండానే సరిగ్గా అదే కదలిక చేయాలి. నిజానికీ నటనకూ వెంట్రుకవాసి తేడా కూడా ఉండకూడదు. ఒక్క కదలిక ఇలా కుదరడానికి నెలలు పట్టవచ్చు. వెర్నన్ కొన్నిటి మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. అప్పటికే బాగున్న ట్రిక్కును కూడా ఇంకా బాగుచేయవచ్చునని సవరిస్తూనే ఉండేవారు. ఎదుటివాడిని తికమక పెట్టడం మ్యాజిక్ కాదని, ముక్క ఎక్కడుందో స్పష్టంగా తెలిసిన క్షణంలోనే అది మాయమైతే అసలైన ఆశ్చర్యమని ఆయన అభిప్రాయం.

శిష్యులు

1963లో హాలీవుడ్‌లో మెజీషియన్ల కోసం మ్యాజిక్ క్యాజిల్ అనే క్లబ్బు ప్రారంభమైంది. అప్పటికి దాదాపు 69 ఏళ్ళ వెర్నన్ దాన్ని చూడటానికని వెళ్ళి, ఇక అక్కడే ఉండిపోయారు. సుమారు మూడు దశాబ్దాలు ఆ క్లబ్బే ఆయనకు పాఠశాల. ఆయన కూర్చునే సోఫా చుట్టూ దేశదేశాల కుర్రవాళ్ళు చేరేవారు. రికీ జే, లారీ జెన్నింగ్స్, బ్రూస్ సెర్వన్, జాన్ కార్నీ వంటి ప్రముఖులు ఆయన దగ్గర నేర్చుకున్నవారే. ‘జెనీ’ అనే మ్యాజిక్ పత్రికలో 1968 నుంచి రెండు దశాబ్దాలకు పైగా ఆయన శీర్షిక నడిచింది.

ఆయన శిష్యుల్లో ఒకరి గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. పేరు పెర్సి డయకోనిస్. 1959లో, 14 ఏళ్ళ వయసులో చదువు మానేసి, ఇల్లు వదిలి వెర్నన్ వెంట ఊళ్ళు తిరిగాడు. జూదగాళ్ళ కదలికలు నేర్చుకుంటూ ఉండగా అతనికి ఒక ప్రశ్న పుట్టింది. పేకను ఎన్నిసార్లు కలిపితే నిజంగా కలిసినట్టు? దీనికి సమాధానం గణితంలో ఉంది. సంభావ్యత మీద ఒక ప్రసిద్ధ గ్రంథం కొన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ పుస్తకం చదవడం కోసమే 24 ఏళ్ళ వయసులో న్యూయార్క్ సిటీ కాలేజీలో రాత్రి తరగతుల్లో చేరాడు. 1971లో డిగ్రీ, 1974లో హార్వర్డ్‌లో డాక్టరేట్ పూర్తిచేశాడు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్ర ఆచార్యుడయ్యాడు.

52 ముక్కల్ని ఎన్ని రకాలుగా పేర్చవచ్చో తెలుసా? 8 పక్కన 67 సున్నాలు పెడితే ఎంతో దాదాపు అన్ని రకాలుగా. అంత పెద్ద సంఖ్య ఉన్నా, కట్టను రెండు భాగాలు చేసి ఒకదానిలోకి ఒకటి రాలేలా కలిపే పద్ధతిలో సుమారు ఏడుసార్లు కలిపితే చాలునని డయకోనిస్, డేవ్ బేయర్ అనే మరో గణితవేత్తతో కలిసి నిరూపించారు. ఆ పరిశోధన పత్రం 1992లో వెలువడింది. అదే ఏడాది ఆగస్టు 21న కాలిఫోర్నియాలోని రమోనాలో గురువు డై వెర్నన్ 98వ ఏట కన్నుమూశారు.

మనకు ఏమి మిగిలింది?

చదువు మానేసిన డయకోనిస్‌ను మళ్ళీ చదువు దగ్గరికి చేర్చింది పేకముక్కలే అంటే ఆశ్చర్యంగా ఉంటుంది. కాని అలా చేర్చింది పేకాట కాదు, పేకను శ్రద్ధగా చూసిన చూపు. మన ఏర్పేడు మండలంలోనే నేడు ఐఐటీ, ఐసర్ వంటి పెద్ద విద్యాసంస్థలు ఉన్నాయి. వాటి గేటు ముందు నుంచి బస్సులో వెళ్ళేటప్పుడు అవి మనవి కావనుకునే తమ్ముళ్ళకు ఈ కథ చెప్పాలనిపించింది. రాత్రి తరగతుల్లో మొదలుపెట్టినవాడు స్టాన్‌ఫర్డ్ చేరాడు.

వెర్నన్‌కు ఉన్నది ఒక పేక కట్ట, ఒక పుస్తకం. మన దగ్గరా అంతకు తక్కువ ఏమీ లేదు. ఒక పాఠాన్ని గానీ, ఒక లెక్కను గానీ, ఒక చేతిపనిని గానీ ఆయన ఎర్డ్‌నేస్ పుస్తకం చదివినట్టు చదివితే అది మనదవుతుంది. ఒకటి నేర్చుకుని పది మందికి చూపించాలనే తొందర ఆయనకు లేదు. కుదిరేవరకూ చూపించేవారు కాదు.

ఇక మ్యాజిక్ మీద ఇష్టం ఉన్న తమ్ముళ్ళకు ఒక్క మాట. రూపాయి బిళ్ళతో మొదలుపెట్టండి. ఒక్క ట్రిక్కు పట్టుకుని వచ్చే వార్షికోత్సవం దాకా సాధన చేయండి. స్టడీ అవర్ అయ్యాకే సుమా! రహస్యం ఎవరికీ చెప్పకండి, మహిమ ఉందని ఎవరినీ నమ్మించకండి, పైసా పందెం కాయకండి. ఈ మూడు నియమాలు పాటిస్తామని ముందే మాట ఇస్తే, వచ్చే ఏడు స్టేజీ మీద పేక కట్ట తీయడానికి వార్డెన్ సార్ కూడా అభ్యంతరం చెప్పరనే నా నమ్మకం.



- ఒక పూర్వ విద్యార్థి